బత్తలపల్లి కనకాంబరాలు

పిల్లలూ! పండుగనాడు మీ అమ్మగాని, అక్కగాని తలలో పెట్టుకునే పూలదండను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? తెల్లని మల్లెలు, నడుమ పచ్చని మరువం, వాటి మధ్య నిప్పుకణికల్లాగా నారింజరంగు పూలు కనిపిస్తాయి. ఈసారి ఆ నారింజరంగు పువ్వును ఒక్కదాన్ని దండలోంచి మెల్లగా తీసి (అమ్మ చూడకుండా కాదు, అడిగే తీయండి) ముక్కు దగ్గర పెట్టుకోండి. ఏమి వాసన వచ్చింది? ఏమీ రాలేదు. అరచేతిలో వేసుకోండి. బరువు తెలిసిందా? అదీ లేదు.

వాసనా లేదు, బరువూ లేదు. అటువంటి పువ్వును నమ్ముకుని, వానలే సరిగా పడని సీమలో కుటుంబాలు బతుకుతున్నాయంటే మీకు వింతగా ఉంటుంది. దాని పేరు కనకాంబరం. కనకం అంటే బంగారం, అంబరం అంటే వస్త్రం. బంగారు వస్త్రం అన్నమాట. దాన్ని చూడడానికే గడచిన శ్రావణమాసంలో నేను బత్తలపల్లి వెళ్లాను. నాకు అక్కడ ఇంకొక పని కూడా ఉన్నది. అది తరువాత చెప్తాను.

ధర్మవరం స్టేషనులో రైలు దిగాను. ధర్మవరం పట్టుచీరల సంగతి మీకు తెలిసిందే. కొన్ని వీధులలో నడుస్తూ ఉంటే ఇళ్లలోనుంచి మగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అక్కడినుంచి బత్తలపల్లికి బస్సులో అరగంట ప్రయాణం. కిటికీలోంచి చూస్తే ఎర్రనేల, బోడిగుట్టలు, కనుచూపుమేర వేరుశనగ చేలు. ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. కోస్తాలో కురిసేదానిలో ఇది ఇంచుమించు సగం. నైరుతి నుంచి వచ్చే మబ్బులు పడమటి కనుమల దగ్గరే తమ నీళ్లు చాలావరకు దించేసుకుని, తేలిక అయిపోయి ఇక్కడికి వస్తాయి. ఈశాన్యం నుంచి వచ్చే మబ్బులు తూర్పు తీరంలో కురిసి కురిసి, ఇక్కడికి చేరేసరికి అలసిపోతాయి. రెండువైపులా చుట్టాలున్నా ఎవరూ అన్నం పెట్టని ఇల్లులాగా ఉంటుంది ఈ సీమ సంగతి.

బత్తలపల్లి అనంతపురంనుంచి కదిరి పోయే పెద్దరోడ్డు మీద ఉన్నది. మీ పాత భూగోళం పుస్తకంలో అది అనంతపురం జిల్లా అని ఉంటే దిద్దుకోండి. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఆర్.డి.టి. ఆసుపత్రి ఉన్న ఊరు అంటే చాలు, గుర్తు పడతారు. నాకు మాత్రం అది వేరే గుర్తు. ఎందుకంటే ఆ చుట్టుపక్కల ఒక ఊరి బడిలో నేను కొన్నేళ్లు లెక్కలు చెప్పాను. అప్పటికి ఇంకా హెడ్మాస్టరును కాలేదు.

సాయంత్రానికి నా పాత విద్యార్థిని ఇల్లు చేరాను. ఆమెకు ఇప్పుడు నలభై దాటాయి. నన్ను చూడగానే చేతిలోని చేట కింద పెట్టి లేచింది.

"ఎప్పుడొస్తిరి సార్? బస్సుకే వస్తిరా? ముందే చెప్పింటే మా పాపను స్టాండుకాడికి పంపిస్తాంటి గదా!"

"దారి మరిచిపోలేదులే అమ్మా. మీ తోట చూద్దామని వచ్చాను," అన్నాను.

"పూలు చూడల్లంటే తెల్లారి నాలుగింటికి లేయల్ల సార్. మీరు లేస్తారా?" అని నవ్వింది. ఆ నవ్వు ఎందుకో నాకు తెలుసు. నేను ఎప్పుడో ఒకప్పుడు ఆమెను వేళకు లేవడం రాదని తిట్టినవాణ్ణే.

తెల్లవారుజామున వాళ్లతోపాటు తోటకు వెళ్లాను. ఆమె, ఆమె భర్త, అత్తగారు, ఒక కూలి మనిషి, నలుగురూ నెత్తికి దీపాలు కట్టుకున్నారు. ఆరో తరగతి చదివే పాప తనూ వస్తానంటే, "బడి దినం నీకు తోట లేదు" అని తల్లి ఇంట్లోనే ఉంచింది. మంచు కురిసి ఆకులన్నీ తడిగా ఉన్నాయి. చీకట్లో దీపం పడినచోటల్లా నారింజరంగు ఒక్కసారిగా వెలుగుతుంది. దీపం తిరగగానే మళ్లీ చీకటి.

మొక్క పెద్దదేమీ కాదు. రెండు మూడు అడుగుల పొద. ఆకులు ముదురాకుపచ్చగా, నూనె రాసినట్లు నిగనిగలాడుతూ ఉంటాయి. కొమ్మ చివరలలోనూ, ఆకుల పంచలలోనూ కాడ లేచి, దాని కొసన గోధుమ కంకివంటి ఆకుపచ్చని కంకి వస్తుంది. పొలుసుల మీద పొలుసులు పేర్చినట్లు, నాలుగు పలకలుగా ఉంటుంది. ఆ పొలుసుల చాటునుంచి పూలు విచ్చుకుంటాయి, ముందు అడుగువి, తరువాత వాటి పైవి, అట్లా మెట్లెక్కినట్లు. ఒక కంకి అడుగునుంచి కొనదాకా పూయడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

పువ్వును చూడండి. సన్నని గొట్టం, దాని కొసన రేకు. మందారానికిమల్లే రేకులు చుట్టూ ఉండవు. ఐదు రేకులూ కలిసిపోయి ఒక్క పక్కకే విసనకర్రలాగా విప్పుకుంటాయి. పై పెదవి లేని పువ్వు అనుకోండి. దీని శాస్త్రీయనామం క్రొసాండ్రా ఇన్‌ఫండిబ్యులిఫార్మిస్. నోరు తిరగలేదా? ఇన్‌ఫండిబ్యులిఫార్మిస్ అంటే గరాటు ఆకారం గలది అని అర్థం. క్రొసాండ్రా అన్నది గ్రీకు మాటలనుంచి వచ్చింది. కుచ్చుల అంచుగల కేసరాలు అని అర్థం. స్వీడన్ దేశపు లిన్నేయస్ 18వ శతాబ్దంలో దీనికి పేరు పెట్టినప్పుడు దీన్ని మన అడ్డసరం ఉన్న గుంపులోనే చేర్చాడు. 1805లో సాలిస్‌బరీ అనే ఆంగ్లేయుడు దీనికి వేరే గుంపు కట్టి క్రొసాండ్రా అన్నాడు. గుంపులు వేరైనా కుటుంబం ఒక్కటే. అడ్డసరం, నేలవేము, చలికాలంలో పూసే డిసెంబరు పూలు, ఇవన్నీ కనకాంబరానికి దాయాదులే. పుట్టిల్లు మన దక్షిణ దేశమూ, సింహళమూ. చలిదేశాలవాళ్లు దీన్ని గాజుటిళ్లలోనూ, కిటికీ దగ్గర కుండీలలోనూ పసిబిడ్డను సాకినట్లు సాకుతారు. మంచు గడ్డకట్టే చలి తగిలితే ఇది బతకదు.

వాసన ఎందుకు లేదు అంటారా? పువ్వుకు వాసన మనకోసం కాదు, పురుగులకోసం. మల్లె సాయంకాలం విచ్చుకుంటుంది. చీకట్లో తిరిగే రెక్కల పురుగులకు దారి తెలియాలంటే తెల్లరంగుతోపాటు వాసన కావాలి. పగలు తిరిగే సీతాకోకచిలుకకు ఈ నారింజరంగే చాలు. దాని పొడుగాటి నోటిగొట్టం కనకాంబరపు సన్నని గొట్టంలోకి సరిగా దిగుతుంది.

మరి దండలోకి ఎందుకు వచ్చింది? కట్టేవాళ్లను అడిగితే చెప్తారు. పొద్దున కోసిన కనకాంబరం మరునాటికి కూడా నిలుస్తుంది. తలకు బరువు ఉండదు. పల్చని రేకు గనుక ఎంత దగ్గరగా కట్టినా నలగదు. వాసన కావాలా, పక్కన మరువం ఉన్నది, మల్లె ఉన్నది. రంగు ఒకరిది, వాసన ఒకరిది.

ఇప్పుడొక లెక్క చేయండి. బరువు లేదన్నాను గదా. ఈ పూలు అమ్మేది తూకానికే. కిలో తూగాలంటే దాదాపు 15,000 పూలు కోయాలి. చెయ్యి ఆగకుండా సెకనుకొక పువ్వు కోశారనుకోండి, కిలో పూలకు ఎంతసేపు పడుతుంది? పలక తీయండి. 15,000 సెకన్లను 60 చేత భాగిస్తే 250 నిమిషాలు. అంటే నాలుగు గంటల పది నిమిషాలు. మధ్యలో మంచినీళ్లు తాగకూడదు, తేలు కనిపించినా ఆగకూడదు.

ఈ లెక్క నేను చెప్పింది కాదు. 1995లో ఈమే నాకు చెప్పింది. అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్నది. తొమ్మిదిన్నరకు బడి గంట కొడితే ఈ పిల్ల పదిగంటలకు వచ్చేది. నేను గుమ్మం బయట నిలబెట్టేవాణ్ణి. అడిగితే తలవంచుకునేది. అసలు నేను అడిగినది ఎంత, కసిరినది ఎంత? ఒకనాడు హాజరుపట్టీ ముందు వేసుకుని, ఎన్నిసార్లు ఆలస్యమైందో లెక్కబెడదామని కూర్చున్నాను. ఆలస్యం ఒక వారం సోమ, బుధ, శుక్రవారాలు. మరుసటి వారం మంగళ, గురు, శనివారాలు. ఆ పై వారం మళ్లీ సోమవారం. నేను లెక్కల అయ్యవారిని. అంకెలు వరసగా నిలబడితే చూడకుండా ఉండలేను. సోమరితనానికి ఇంత క్రమం ఉండదు.

మరునాడు గుమ్మం దగ్గర ఆ పిల్ల పావడా అంచు చూశాను. జానెడు మేర తడిసి, ఎర్రమట్టి అంటుకుని ఉన్నది. అప్పుడు అడిగాను. వాళ్లకు అర ఎకరం కనకాంబరం ఉన్నది. విచ్చిన పూలన్నీ ఒకరోజు కోస్తే, మళ్లీ చేతినిండా పూలు రావాలంటే ఒకరోజు ఆగాలి. అందుకని కోత రోజు విడిచి రోజు. తల్లీ, తనూ కోడి కూసే వేళకు లాంతరు పట్టుకుని తోటలో కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క కిలో కోయాలి. బుట్ట తొమ్మిదిన్నర బస్సుకు ఎక్కకపోతే ఆనాటి పూలు ఆనాటికి వృథా. "కిలోకు నాలుగు గంటల పది నిమిషాలు సార్, నేను లెక్కేసి చూసినా," అన్నది. భాగహారం తప్పు లేకుండా చేసింది. ఆ రోజునుంచి గుమ్మం బయట నిలబెట్టడం మానేశాను. తప్పిపోయిన పాఠం మధ్యాహ్నం తిండి వేళలో చెప్పేవాణ్ణి.

కథ అంతటితో అయిపోతే బాగుండేది. మరుసటి ఏడు ఆ తోటకు తెగులు వచ్చింది. ముందు ఒక మూల పది మొక్కలు పాలిపోయాయి. ఆకులు చిన్నవయ్యాయి, పసుపుబారాయి, మొక్క గిడసబారి నిలబడిపోయింది. నీళ్లు చాలలేదని నీళ్లు పెట్టారు. ఎరువు చాలలేదని ఎరువు వేశారు. ఆకుమీద మందు చల్లారు. ఆకుమీద ఏముంది గనుక? మూల పెద్దదవుతూ వచ్చి మూడు నెలలలో తోట అంతా ఎండిపోయింది. ఆ వేసవికి ఆ పిల్ల బడి మానేసింది. తొమ్మిదో తరగతి సగంలో.

జబ్బు వేళ్లలో ఉన్నది. కంటికి కనిపించనంత చిన్న నులిపురుగులు, మిల్లీమీటరులో కూడా కొంత భాగమే పొడవు గలవి, మట్టిలో ఉండి వేళ్లను తొలిచి లోపలి రసం తాగుతాయి. అవి చేసిన గాయాలలోంచి ఒక జాతి బూజు లోపలికి పోయి, మొక్కకు నీళ్లు ఎక్కే దారి మూసేస్తుంది. ఒకే మడిలో ఏళ్లతరబడి కనకాంబరమే వేస్తూ ఉంటే ఈ పురుగులకు విందు చేసినట్లే. నేను అప్పుడు ఆ తోట చూడడానికి వెళ్లాను కూడా. ఎండిన మొక్కను పీకి, నల్లబడిన వేళ్లను చూసి, "అయ్యో" అని వచ్చేశాను. మా బడిలో ఒక సూక్ష్మదర్శిని ఉండేది. పగిలిపోతుందని బీరువాలో పెట్టి తాళం వేసి ఉంచేవాళ్లం. ఆ వేళ్లను కోసి కాసేపు నీళ్లలో ఉంచి, ఆ నీటిబొట్టును దాని కింద పెట్టి ఉంటే, పాముపిల్లల్లా మెలికలు తిరిగే ఆ పురుగులను ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చూసి ఉండేవారు. ఇది నేను చాలా ఏళ్ల తరువాత ఒక వ్యవసాయ పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. ఇదే నేను చెప్పకుండా ఆపిన రెండవ పని. ఆ మాట ఆమెతో చెప్పాలని వచ్చాను.

తోటగట్టు మీద కూర్చుని చెప్పాను. ఆమె విని కొంచెంసేపు ఊరుకున్నది.

"మీకు తెలిసింటే చెప్పకుండా ఉంటారా సార్? అది పోనీండి. అప్పుడు నన్ను బయట నిలబెడితిరి చూడండి, దానికీ నాకు కోపం లేదు. ఏంటికి లేటు అని నెల దినాలు అడగలేదు చూడండి, దానికి ఏడిస్తి," అన్నది. తరువాత, "రాండి, బంతి మడి చూపిస్తా," అని లేచింది.

అర ఎకరం తోట పక్కనే అంతే మడిలో బంతి పూస్తున్నది. రెండు మూడేళ్లు కనకాంబరం ఉన్నచోట తీసివేసి బంతి పెడతారట. బంతి పూలు అమ్ముకోవడానికే అనుకున్నాను. "పూలు పైన, మందు కింద సార్," అన్నది. ఆ మాట అక్షరాలా నిజం. బంతి వేళ్లలో ఈ నులిపురుగులను చంపే పదార్థం ఒకటి ఉన్నది. 1958లో నెదర్లాండ్స్ దేశపు శాస్త్రజ్ఞులు దాన్ని బంతి వేళ్లనుంచి వేరుచేసి చూపించారు. దీనికితోడు దుక్కిలో వేపపిండి వేస్తారు. మొక్కల వేళ్లకు మేలుచేసే ఒక బూజును పశువుల ఎరువులో కలిపి చల్లుతారు. దాని పేరు ట్రైకోడెర్మా. చెడ్డ బూజును మంచి బూజు తినేస్తుందన్నమాట. బీరువాలో సూక్ష్మదర్శినికి తాళం వేసిన అయ్యవారికి, బడి మానేసిన పిల్ల ఆ పొద్దు ఈ పాఠం చెప్పింది.

సాగు సంగతి కూడా అడిగి రాసుకున్నాను. మీలో తోటలున్నవాళ్లు ఇంట్లో చదివి వినిపించండి. నీరు నిలవని ఎర్రనేల దీనికి ఇష్టం. నారుమడిలో విత్తి, అరవై రోజుల నారును వానకాలంలో, జూలై నుంచి అక్టోబరు లోపల నాటుతారు. బోదెలు వేసి, వరసకూ వరసకూ 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 30 సెంటీమీటర్లు ఎడం ఇస్తారు. అట్లా అర ఎకరంలో ఎన్ని మొక్కలు పడతాయో మీరే కట్టండి. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. నాకు పదకొండువేల పైచిలుకు వచ్చింది. నాటిన రెండు మూడు నెలలకు పూత మొదలవుతుంది. ఆపైన ఏడాది పొడుగునా ఏదో ఒక కొమ్మ పూస్తూనే ఉంటుంది. అయితే పెద్ద వాన కురిస్తే విచ్చిన పూలు తడిసి రంగు చెడతాయి. గట్టి చలిలో పూత తగ్గుతుంది. నీళ్లు బోరునుంచి సన్నని గొట్టాలలో బొట్టుబొట్టుగా మొక్క మొదట్లో పడతాయి. ఎక్కువైతే వేరు కుళ్లుతుంది, తక్కువైతే కంకి పొట్టిదవుతుంది. ధర సంగతి అడక్కండి. వరలక్ష్మీ వ్రతం ముందురోజు ఒకటి, ఆషాఢంలో ఒకటి. పూలకు పంచాంగం చూసి ధర పలుకుతుంది.

రకాలు చాలా ఉన్నాయి. నారింజరంగుది అందరికీ తెలిసినది. పసుపుపచ్చది, ఎర్రది కూడా ఉన్నాయి. ఢిల్లీ కనకాంబరం అనే రకం ఎక్కువ పూస్తుంది. దానిలో ఒక చమత్కారం ఉన్నది. అది విత్తనం కట్టదు. ప్రతి జీవకణంలోనూ తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి చొప్పున వారసత్వపు పోగులు రెండేసి ఉంటే, వాటిని సమంగా పంచి విత్తనం కట్టవచ్చు. ఢిల్లీ కనకాంబరానికి అవి మూడేసి ఉన్నాయి. మూడు లడ్లను విరవకుండా ఇద్దరికి సమంగా పంచండి చూద్దాం! మనం తినే అరటిపండులో గింజ లేకపోవడానికీ ఇదే కారణం. అందుకని దాన్ని కొమ్మలు కత్తిరించి నాటే పెంచుతారు. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు కూడా కొత్త రకాలు తయారుచేశారు. ఒకదాని పేరు అర్క కనక, ఇంకొకదాని పేరు అర్క అంబర. కనకాంబరాన్ని రెండుగా విరిచి ఇద్దరికి పేరు పెట్టారు, చూశారా! ఇటువంటి పేరు పెట్టిన శాస్త్రజ్ఞుడెవరో మంచి తెలుగో కన్నడమో చదువుకున్నవాడై ఉండాలి.

ఆరున్నర దాటేసరికి కోత అయిపోయింది. రెండు కిలోల పైచిలుకు పూలు. అంటే ముప్పైవేల పూలకు పైనే. వెదురుబుట్టలో తడిగుడ్డ పరిచి పోస్తే బుట్ట సగం కూడా నిండినట్లు లేదు. ఆమె భర్త దాన్ని మోటారు సైకిలు వెనుక కట్టుకుని వెళ్లాడు. పూలు లేని తోట ఒక్కసారిగా ఉత్త ఆకుపచ్చగా అయిపోయి, ఎవరో దీపం ఆర్పినట్లనిపించింది.

ఇంటికి వచ్చేసరికి పాప బడికి తయారై కూర్చున్నది. నేను ఆ పాపకోసం ఒక భూతద్దం తీసుకువెళ్లాను. ఇచ్చాను. "దాచిపెట్టమాక, వాడు," అన్నాను. పాప పరుగున లోపలికి వెళ్లి, గుడ్డలో మూటకట్టిన ఎండిన కంకులు తెచ్చింది. ఇవి ఢిల్లీవి కావు, విత్తనం కట్టే నారింజరంగువి. కంకులు పచ్చదనం పోయి గోధుమరంగుకు వచ్చాక, మంచు పడకముందే కోసి దాచుకున్నారు. మంచు పడితే ఏమవుతుందో పాపే చూపించింది.

కంకిలోంచి చిన్న కాయ ఒకటి వొలిచింది. జీలకర్ర కంటె కాస్త పెద్దది. పళ్లెంలో పెట్టి దానిమీద ఒక నీటిబొట్టు వేసింది. ఏమీ కాలేదు. నేను కళ్లజోడు సర్దుకుని వంగి చూస్తున్నాను. ఇంతలో టప్‌మని పేలింది! ఒక గింజ వచ్చి నా కళ్లజోడుకు తగిలింది. పాప పగలబడి నవ్వింది.

మీ ఊళ్లో రోడ్డుపక్క ఊదారంగు పూలు పూసే మొక్కకు చిటపటకాయలు కాస్తాయి, ఎరుగుదురు గదా? నీళ్లలో వేస్తే పేలతాయి. అదీ కనకాంబరానికి దాయాదే. విద్య ఒక్కటే. కాయ ఎండేకొద్దీ దాని రెండు చిప్పలూ బిగిసి, విల్లు వంచినట్లు లాగి పట్టుకుని ఉంటాయి. వాటిని కలిపి ఉంచేది మధ్యనున్న అతుకు. నీరు తగిలితే ఆ అతుకు మెత్తబడుతుంది. చిప్పలు ఒక్కసారిగా విడిపోతాయి. లోపల గింజ గింజకూ ఒక చిన్న కొక్కెం ఉంటుంది. అది గింజను ఉండేలుబద్దలాగా విసిరేస్తుంది. ఎండలో ఎన్నాళ్లున్నా కాయ నోరు విప్పదు. మొలిచేందుకు నేల తడిసిందని తెలిసిన తరువాతనే గింజను నేలకు వదులుతుంది. 550 మిల్లీమీటర్ల సీమలో పెరగదగిన మొక్కే!

మీరు కూడా ఒక కుండీలో పెంచవచ్చు. అడుగున తూటు ఉన్న కుండీ, ఎర్రమన్ను, కాస్త ఇసుక, చివికిన పశువుల ఎరువు చాలు. గింజ దొరికితే పైపైన మన్ను కప్పి నాటండి. ఢిల్లీ రకమైతే జానెడు కొమ్మ నాటి, వేరు పట్టేదాకా నీడలో ఉంచండి. పొద్దుటి ఎండ పడేచోట పెట్టి, మన్ను పైన ఆరిన తరువాతనే నీళ్లు పోయండి.

"కాయకు నాలుగు గింజలు తాతా," అన్నది పాప. నా కళ్లజోడుకు తగిలినది ఒకటి, పళ్లెంలో ఒకటి, గడప దగ్గర ఒకటి దొరికాయి. నాలుగోది కనిపించలేదు. పాప భూతద్దం పట్టుకుని మంచం కిందికి దూరింది. నేనూ వంగాను. ఇంతలో బయట చిటచిటమని చినుకులు మొదలయ్యాయి.

"బడికి వేళయితాంది, గొడుగు తీసుకో," అని తల్లి వంటింట్లోంచి కేక వేసింది.

"ఒక్క నిమిషం మా! నాలుగోది దొరకలేదు," అన్నది పాప మంచం కిందినుంచి.

గడియారం చూశాను. తొమ్మిది దాటి పది నిమిషాలు. ఇంకా వేళ ఉన్నది. నేను కూడా వెతుకుతూనే ఉన్నాను.